సెన్సేషన్ అంటే సంచలనమా, స్పర్శా, వేదనా?

సెన్సేషన్ అనగానే మనకు ముందు గుర్తొచ్చేది థంబ్‌నెయిల్ మీద ఎర్ర అక్షరాల్లో ఉండే "సంచలన నిజం". అదే మాట డాక్టర్ దగ్గర వింటే అర్థం వేరు. కాలికి ఏదన్నా తగిలితే తెలుస్తుందా, లేదా అని. ఇంగ్లిష్‌లో రెండింటికీ ఒకటే మాట. మన దగ్గర మొదటిది సంచలనం, రెండోది స్పర్శ.

ఇంకో మాట కూడా ఉంది, వేదన. మనం దాన్ని బాధ అనే అర్థంలోనే వాడతాం. కానీ సంస్కృతంలో వేదం, విద్య, వేదన మూడూ "విద్" అనే ధాతువు నుంచే వచ్చాయి. విద్ అంటే తెలుసుకోవడం. బౌద్ధంలోనైతే సుఖాన్ని కూడా వేదన అనే అంటారు. అంటే మొదట అది తెలియడం, తర్వాతే బాధ.

ఇప్పుడు అసలు ప్రశ్న. గీత రెండో అధ్యాయం 14వ శ్లోకంలో కృష్ణుడు, చలి వేడి, సుఖం దుఃఖం ఇచ్చే స్పర్శలు వచ్చిపోతుంటాయి, ఓర్చుకో అని చెప్తాడు. మన వయసు వాళ్లలో కొందరు దీన్ని "ఏదీ ఫీల్ కావొద్దు" అని తీసుకుంటున్నారు. ఫ్రెండ్ జాబ్ పోయినా, ఇంట్లో అమ్మ ఏడ్చినా "నేను డిటాచ్డ్ బ్రో" అంటారు. ఏమీ తెలియకపోవడమే వైరాగ్యమా?

దీనికి జవాబు మా నిజామాబాద్ పక్కనే, డిచ్‌పల్లిలో ఉంది. రామాలయం ఉన్న ఆ ఊళ్లోనే 1915లో ఇసాబెల్ కెర్ అనే స్కాట్లాండ్ డాక్టరమ్మ కుష్ఠు రోగుల కోసం ఆసుపత్రి కట్టించింది. రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత దానికి విరాళం ఇచ్చారు. ఈ జబ్బు క్రిములు నరాలను దెబ్బతీస్తాయి. అందుకే చర్మం మీద స్పర్శ లేని మచ్చ దీనికి ముఖ్యమైన గుర్తు. వేళ్లు వాటంతటవే కుళ్లి రాలిపోతాయని జనం అనుకునేవాళ్లు. అది నిజం కాదని వేలూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ చూపించారు. వేడి గిన్నె పట్టుకున్నా కాలినట్టు తెలియదు, మేకు దిగినా నొప్పి ఉండదు. పుండు మీద పుండు పడి చెయ్యి పాడవుతుంది. ఇప్పుడు మందులతో ఈ జబ్బు పూర్తిగా నయమవుతుంది. కానీ అప్పటికే దెబ్బతిన్న నరంలో స్పర్శ చాలాసార్లు తిరిగి రాదు.

నొప్పి తెలియని ఆ చేతిని ఎవరైనా స్థితప్రజ్ఞ అంటారా? అనరు కదా. ఓర్చుకోవాలంటే ముందు తెలియాలి. అదే అధ్యాయంలో తాబేలు పోలిక వస్తుంది. తాబేలు కాళ్లను లోపలికి లాక్కుంటుంది, కోసేసుకోదు. నా ఉద్యోగం భాషలో చెప్తే, అలర్ట్‌లు మ్యూట్ చేసినంత మాత్రాన సర్వర్ బాగుపడదు. అలర్ట్ చూసి కంగారుపడకుండా పని చేయడమే ఓర్పు.

మరి సంచలనం సంగతి? బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం కాలంలో, 1937లో మొదలైన షుగర్ ఫ్యాక్టరీకి 2015 డిసెంబర్‌లో లే-ఆఫ్ ప్రకటించారు. కొన్ని రోజులు అది పెద్ద వార్త. తర్వాత టీవీలు ఇంకో వార్తకు పోయాయి. జీతం ఆగిన కార్మికుడికి, చెరకు ఎక్కడికి తోలాలో తెలియని రైతుకు అది అక్కడితో అయిపోలేదు. చూసేవాళ్లకు సంచలనం, పడేవాళ్లకు వేదన. రోజుకు ఇరవై సంచలనాలు స్క్రోల్ చేస్తే మన మనసు మీద కూడా ఒక స్పర్శ లేని మచ్చ పడుతుంది. దాన్నే మనం ప్రశాంతత అనుకునే ప్రమాదం ఉంది.

గీత ఆరో అధ్యాయం 32వ శ్లోకం చూడండి. ఎవరి సుఖమైనా, దుఃఖమైనా తనదానితో సమానంగా చూసేవాడే గొప్ప యోగి అని అక్కడ ఉంది. అంటే సాధన పెరిగేకొద్దీ స్పర్శ తగ్గదు, ఇంకా దూరం వరకు పోతుంది. తన నొప్పికి కుంగిపోడు, పక్కవాడి నొప్పిని వదిలెయ్యడు.

కాబట్టి ఈసారి "నాకేం అనిపించట్లేదు" అని మీకు అనిపిస్తే, వెంటనే సంతోషపడకండి. అది ఓర్పో, మొద్దుబారడమో ఒక్కసారి చూసుకోండి. మీకు దగ్గర్లో ఎవరో బాధపడుతున్నారు అనుకోండి, అది మీకు తెలిసిందా? తెలిసి స్థిరంగా వాళ్ల పక్కన నిలబడగలిగారా? అయితే మీ సాధన సరైన దారిలోనే ఉంది.

శ్రీకృష్ణార్పణమస్తు.