నా గ్లాసులో వగరు

పాలూ పంచదారా లేకుండా టీ తాగడం మొదలుపెట్టి నాలుగేళ్ళవుతోంది. అప్పటికి నాకు ముప్పై రెండు. అంతవరకూ కొన్ని వేల గ్లాసుల టీ కాచి ఉంటాను. నాన్నకి చిక్కగా, బాబాయికి పంచదార తక్కువగా, వచ్చినవాళ్ళకి వాళ్ళెలా అడిగితే అలా. నాకెలా కావాలో ఎవరూ అడగలేదు, నన్ను నేనూ అడుక్కోలేదు. అమ్మయితే అందరికీ పోశాక గిన్నె అడుగున మిగిలింది, చల్లారిపోయింది తాగేది. "నీకెలాంటి టీ ఇష్టమమ్మా?" అనడిగితే "వేడిగా ఉంటే చాలు" అంది. అభిరుచి మీద పీహెచ్‌డీలో వంద పేజీలు రాసిన నాకు ఆ జవాబునెక్కడ పెట్టాలో తెలియలేదు.

ఒంటరిగా ఉండే ఈ ఇంట్లో నా పద్ధతి ఇది. గ్లాసుడు నీళ్ళు కళపెళా మరిగాక పొయ్యి కట్టేసి, చెంచాడు అస్సాం ఆకు వేసి, మూతపెట్టి నాలుగు నిమిషాలు. మన ఇళ్ళలోలాగా పొయ్యి మీదే మరగబెడితే నాలుక పట్టేస్తుంది. పాలలోని ప్రొటీను ఆ పట్టేసే గుణాన్ని తనలోకి లాక్కుంటుంది కాబట్టే మనవాళ్ళు అంతసేపు మరిగించినా తాగగలుగుతారు. అందరూ దీన్ని చేదంటారు. చేదు కాదు, వగరు. మామిడి పిందె కొరికినప్పుడు నోరంతా బిగుసుకునే తనం. ఉగాదినాడు ఒక చెంచాడు ఒప్పుకుని మిగతా ఏడాదంతా దాచేసే రుచి.

టీ రుచి చూడడం ఒక ఉద్యోగం కూడా. 1980లో వచ్చిన ఐఎస్ఓ 3103 ప్రమాణంలో వంద మిల్లీలీటర్ల నీటికి రెండు గ్రాముల ఆకు, ఆరు నిమిషాలు. అది మంచి టీ కోసం కాదు, ఒక టీని ఇంకోదానితో పోల్చడానికి. టేస్టర్లు చెంచాతో తీసుకుని పెద్ద చప్పుడుతో జుర్రి, ఉమ్మేస్తారు. ఆడపిల్ల జుర్రితే నెత్తిన మొట్టే ఇంట్లో పెరిగినదాన్ని కదా, తలుపేసుకుని నేనూ జుర్రి చూశాను. ఒక్కదాన్నే చాలాసేపు నవ్వుకున్నాను.

నా రుచి నేను కనుక్కున్నానని ఇక్కడే ఆగిపోవచ్చు. కానీ ఆ రెండాకులూ మొగ్గా గిల్లేది ఎక్కువగా ఆడవాళ్ళే. వాళ్ళ వేళ్ళు సున్నితమని పొగిడిన నోటితోనే కూలి దగ్గర బేరమాడతారు. 2015 సెప్టెంబరులో మున్నారులో బోనస్‌ని 20 శాతం నుంచి 10 శాతానికి తగ్గిస్తే వేలమంది స్త్రీలు, అందులో ఎక్కువమంది తమిళ దళితులు, యూనియన్ నాయకుల్ని కూడా దూరంగా ఉంచి రోడ్డు మీద కూచున్నారు. ఆ ఐక్యతకి వాళ్ళు పెట్టుకున్న పేరు పెంబిళై ఒరుమై. బోనస్ 20 శాతం సాధించారు. రోజుకూలి 232 రూపాయలుంటే 500 అడిగారు, 301 దగ్గర ఆగింది. నేను తాగేది అస్సాం ఆకు కదా అని తప్పించుకుందామంటే, తెల్లవాళ్ళ కాలంలో ఆ తోటలకి కూలీల్ని తరలించిన జిల్లాల్లో గంజాం, విశాఖపట్నం కూడా ఉన్నాయి. అంటే మా వైపువాళ్ళే.

ఆమె వేళ్ళ మీదుగా వచ్చిన రుచిని "నాది" అనొచ్చా? పోనీ మానేస్తే? నేను మానేస్తే ఆమె కూలి పెరగదు, నా మనసు కడిగినట్టవుతుంది, అంతే. మానుకోవడాన్ని సుగుణమని మనకి నేర్పినవాళ్ళు తక్కువేం కాదు. అమ్మ జీవితమంతా మానుకుంది. దానివల్ల ఏ తోటలో ఎవరికేం ఒరిగింది? అలాగని గ్లాసెత్తిన ప్రతిసారీ ఆ 301 గుర్తురావడం తప్పడం లేదు. తప్పాలని కూడా నేను కోరుకోవడం లేదు.

మొన్న సంక్రాంతికి అమ్మ వచ్చింది. ముందు తనకే పోసి ఇచ్చాను. అలవాటులేక రెండుసార్లు నా వైపు జరిపింది. చివరికి ఓ గుక్క తాగి, కాసేపు నోట్లోనే ఉంచుకుని, "వగరుగా ఉందే" అంది. చేదనలేదు. ఇంకో గుక్క తాగి, "చిన్న బెల్లంముక్క నంజుకుంటే బాగుంటుందేమో" అంది.

డబ్బాలన్నీ వెతికి తెచ్చిచ్చాను.