విధేయత ఎవరికి?

2001లో అమెరికాలోని ఈరీ నగరంలో ఉన్న బెనెడిక్టైన్ సిస్టర్ల మఠానికి వాటికన్ నుంచి ఒక ఆజ్ఞ వచ్చింది. స్త్రీలకూ గురుపట్టం (కాథలిక్ పూజారి హోదా) ఇవ్వాలని కోరేవాళ్లు ఆ ఏడాది జూన్ చివర్లో డబ్లిన్‌లో అంతర్జాతీయ సమావేశం పెట్టుకున్నారు. అక్కడ మాట్లాడాల్సిన వాళ్లలో ఆ మఠానికి చెందిన సిస్టర్ జోన్ చిట్టిస్టర్ ఒకరు. ఆమెను వెళ్లనివ్వొద్దన్నది ఆజ్ఞ. అయితే అది వచ్చింది ఆమె పేరున కాదు, మఠాధ్యక్షురాలు సిస్టర్ క్రిస్టీన్ వ్లాదిమిరాఫ్ పేరున. సన్యాసం పుచ్చుకున్నప్పుడు చేసిన విధేయతా వ్రతాన్ని గుర్తుచేసి మరీ ఆపమన్నారు. వింటే సరే, లేకపోతే శిక్ష.

వాటికన్ కోపానికి కారణం ఉంది. స్త్రీలకు గురుపట్టం ఇచ్చే అధికారం శ్రీసభకు (కాథలిక్ చర్చికి) లేనే లేదనీ, విశ్వాసులంతా దీన్ని చివరి మాటగా తీసుకోవాలనీ రెండో జాన్‌పాల్ పోప్ 1994లోనే తేల్చిచెప్పారు. తలుపు మూసేశామన్న చోట ఒక సిస్టర్ నిలబడి తలుపు తట్టడమేమిటన్నది రోమ్ వాదన.

ఇంతకీ ఈ చిట్టిస్టర్ ఎదురుచెప్పడమే పనిగా పెట్టుకున్న మనిషా అంటే, కాదు. 1936లో పెన్సిల్వేనియాలో పుట్టిన ఆమె 16 ఏళ్లకే, 1952లో, మఠంలో చేరింది. చేరిన కొద్ది వారాలకే పోలియో వచ్చింది. పిల్లలకు పాఠాలు చెప్పింది, పెద్దలకూ చెప్పింది, పెన్ స్టేట్ యూనివర్సిటీలో కమ్యూనికేషన్స్‌లో డాక్టరేట్ చేసింది. 1978 నుంచి 1990 దాకా ఆ మఠానికి తానే అధ్యక్షురాలు. రాసిన పుస్తకాలు 50 దాటాయి.

అయితే ఆమెను అర్థం చేసుకోవడానికి పదవుల కన్నా ఒక పాత సంగతి ఎక్కువ పనికొస్తుంది. వయసులో ఉన్నప్పుడు ఆమెకు రచయిత్రి కావాలని కోరిక. అయోవాలో సృజనాత్మక రచన చదవడానికి దారి దొరికింది. అప్పటి అధ్యక్షురాలు ఆ చదువు మానుకోమని, పిల్లల వేసవి శిబిరంలో వంటకు పంపింది. అదీ పెద్ద వంటమనిషిగా కాదు, మూడో వంటమనిషిగా! వినయం నేర్చుకోవడానికి అది మంచిదన్నారు. చిట్టిస్టర్ వెళ్లి వండింది. ఆ దెబ్బ ఎంత లోతుగా తగిలిందో చాలా ఏళ్ల తర్వాత తన పుస్తకంలో తానే రాసుకుంది. అంటే విధేయత ఖరీదు ఎంతో 2001 నాటికే ఆమెకు బాగా తెలుసు.

అప్పుడు తలవంచిన మనిషి ఇప్పుడు ఎందుకు వంచలేదు? దీనికి జవాబు 6వ శతాబ్దంలో ఇటలీలో బెనెడిక్ట్ రాసిన, బెనెడిక్టైన్లు పాటించే నియమావళిలో కొంత ఉంది. అందులో 73 చిన్న అధ్యాయాలు. చిట్టిస్టర్ దానికి రాసిన వ్యాఖ్యానం 1992లో వచ్చింది. అయిదో అధ్యాయం చదివితే ఆమె ఓడిపోయినట్టే: పెద్దల ఆజ్ఞ వినగానే చేతిలో పని వదిలేసి లేవాలంటుంది. కానీ మూడో అధ్యాయం వేరే దారి పడుతుంది. ముఖ్యమైన విషయం వస్తే మఠాధిపతి అందరినీ పిలిచి అడగాలి, ఎందుకంటే దేవుడు తరచుగా చిన్నవాళ్ల నోట మంచి మాట పలికిస్తాడు. 68వది ఇంకా ఆసక్తికరం. మోయలేని పని చెప్తే, ఎందుకు మోయలేనో ఓపిగ్గా విన్నవించుకోవచ్చు. అయినా పెద్దలు పట్టు విడవకపోతే చేయాల్సిందే. చిట్టిస్టర్ అభిమానులు ఈ చివరి వాక్యాన్ని మెల్లగా దాటేస్తుంటారు. దాటేయడం న్యాయం కాదు.

ఇక్కడే ఇంకో పీటముడి ఉంది. బెనెడిక్టైన్లు చేసే ప్రమాణాల్లో స్థిరత్వం ఒకటి: ఏ మఠంలో చేరారో ఆ మఠంతోనే జీవితాంతం ఉండాలి. ప్రతి మఠం తన వ్యవహారం తానే చూసుకుంటుంది. అందుకే రోమ్ ఆజ్ఞ కూడా ఇంటి పెద్ద చేతుల మీదుగా రావాల్సి వచ్చింది. వ్లాదిమిరాఫ్ ఆ ఉత్తరం పట్టుకుని ఒంటరిగా కూర్చోలేదు. రోమ్ వెళ్లి అధికారులతో మాట్లాడింది, మఠంలో సిస్టర్లందరితో చర్చించింది, ప్రార్థించింది. చివరికి ఆ ఆజ్ఞను చిట్టిస్టర్‌కు జారీ చేయనని బదులు రాసింది. బెనెడిక్టైన్ సంప్రదాయంలో అధికారమంటే కలిసి వినడం, కలిసి ఆలోచించడం అన్నది ఆమె వాదన. ఆ ఉత్తరానికి మద్దతుగా 128 మందిలో 127 మంది సిస్టర్లు సంతకం చేశారు.

సంతకం చేయని ఆ ఒక్కరినీ మరిచిపోకూడదు. అంత ఐకమత్యం మధ్య వద్దనడానికి కూడా గుండె కావాలి.

పితృవాక్యం కోసం అడవికి పోయిన రాముణ్ణీ, తండ్రి మాట ససేమిరా వినని ప్రహ్లాదుణ్ణీ ఒకే నోటితో పొగిడే మనకు ఈ చిక్కు కొత్తదేం కాదు. చిట్టిస్టర్ కథలో తేడా ఏమిటంటే ఒకే మనిషి రెండు పాత్రలూ పోషించింది. వంటకు పొమ్మన్నప్పుడు కోల్పోయేది తన చదువు. డబ్లిన్ వెళ్లొద్దన్నప్పుడు మూతపడేది చాలామంది స్త్రీల తరఫున అడుగుతున్న ప్రశ్న. తన సుఖాన్ని వదులుకోవడం వ్రతంలో భాగమే అనుకోవచ్చు. మనస్సాక్షిని కూడా వదులుకోమంటే, ఆ వ్రతం తీసుకున్న మనిషి ఇంక ఎక్కడ మిగులుతుంది?

ఆమె డబ్లిన్ వెళ్లింది, మాట్లాడింది, తిరిగి ఈరీకే వచ్చింది. మఠాన్ని వదల్లేదు, శ్రీసభనూ వదల్లేదు. రోమ్ చెప్పిన శిక్ష మాత్రం రాలేదు. వ్లాదిమిరాఫ్ 2010 దాకా అధ్యక్షురాలిగా కొనసాగింది.

బెనెడిక్టైన్ స్త్రీలలో ఈ తగవు చాలా పాతది. 1178లో జర్మనీలో, 80 ఏళ్ల బెనెడిక్టైన్ సిస్టర్ హిల్డెగార్డ్ తన మఠం శ్మశానంలో ఒక పెద్దమనిషిని పాతిపెట్టనిచ్చింది. అతను వెలివేయబడ్డవాడు, శవాన్ని తవ్వి బయట పారేయమని మైన్జ్ మతాధికారులు ఆదేశించారు. చనిపోయే ముందు అతను సభతో సమాధానపడ్డాడని ఆమె తవ్వనివ్వలేదు. అధికారులు ఆ మఠంలో పూజాబలి, పాటలు నిషేధించారు. విచిత్రమేమిటంటే ఆ శిక్షను ఆమె పాటించింది. తనే స్వరపరిచిన పాటలను ఆపేసి, దేవుణ్ణి స్తుతించే నోళ్లు మూయించేవాళ్లు దేనికి జవాబు చెప్పుకోవాల్సి వస్తుందో వివరిస్తూ అధికారులకు ఘాటుగా ఉత్తరం రాసింది. 1179లో నిషేధం తొలగింది. అదే ఏడాది సెప్టెంబరులో ఆమె చనిపోయింది.

ఆ తగవు మన కాలంలోనూ ఆగలేదు. 2012 ఏప్రిల్‌లో వాటికన్, అమెరికా సిస్టర్ల నాయకత్వ సంఘాన్ని సిద్ధాంతం తప్పుతోందంటూ ఒక ఆర్చిబిషప్ పర్యవేక్షణలో పెట్టింది. ఆ సంఘానికి 1970లలో అధ్యక్షురాలిగా పనిచేసింది ఈ చిట్టిస్టరే. అదే ఏడాది అక్టోబరులో పదహారో బెనెడిక్ట్ పోప్ హిల్డెగార్డ్‌ను శ్రీసభ పండితురాలిగా ప్రకటించారు. పర్యవేక్షణ 2015లో, ఫ్రాన్సిస్ పోప్ కాలంలో ముగిసింది.