పరాయి గ్రౌండుకు పోతున్నావా బిడ్డా

పోవద్దని ఎవరూ అనడం లేదు బిడ్డా, పో. మన పిల్లలు వేరే ఊళ్లో ఆడుతుంటే మనోళ్లు నలుగురు గీత పక్కన నిలబడి గొంతు చించుకోకపోతే వాళ్లకు ఊపెట్లా వస్తుంది? పోవాల్సిందే. కాకపోతే నీ తొందర నాకు తెలుసు. కాలు ఒక చెప్పులో ఉండగానే నోరు సగం దారి పోయి ఉంటుంది. అందుకే పోయే ముందు జర ఈ గద్దె మీద కూర్చో. మీ అమ్మ చెప్తే విసుక్కుంటావు, నేను చెప్తే కనీసం విన్నట్టు నటిస్తావు. అదీ చాలు.

నువ్వు గచ్చిబౌలిలో మ్యాచ్ చూసొచ్చి పెద్ద ఫుట్‌బాల్ వీరుడివయ్యావు గదా. అక్కడ ఆటగాడికీ నీకూ మధ్య కంచె ఉంటుంది, రన్నింగ్ ట్రాక్ ఉంటుంది. నువ్వేమన్నా వేల గొంతుల్లో కలిసిపోతుంది. మన దిక్కు గ్రౌండ్లు అట్లా ఉండవు. కోరుట్లకు పో, మెట్‌పల్లికి పో, సిరిసిల్లకు పో, కాలేజీ గ్రౌండో బడి గ్రౌండో అదే స్టేడియం. పొద్దున ముసలోళ్లు నడిచిన చోటే సాయంత్రం ఆట. సున్నం గీత మీదే జనం కాలివేళ్లు ఉంటాయి. త్రో వేయడానికి వచ్చిన పిల్లగాడు నిన్ను జరుగన్నా అని జరిపి, నీ మోకాళ్ల ముందర నిలబడి బంతి విసరాలి. బంతి తుమ్మకంపలో పడిందంటే ఇంకొకటి తెచ్చేదాకా ఆట ఆగాల్సిందే. అసలు ఈ దిక్కు కబడ్డీ, వాలీబాల్, క్రికెట్ల జోరే ఎక్కువ. ఫుట్‌బాల్ అంటే ఏ గురుకులం పిల్లలో, బడిలో పీఈటీ సారు పట్టుబట్టి నేర్పిన నలుగురో. అంత చిన్న లోకంలో నువ్వన్న ప్రతి మాటా, నువ్వన్నది అన్నట్టే, ఆ పిల్లగాడి చెవిలో పడుతుంది. ఎవరన్నారో మొఖం కూడా కనబడుతుంది.

అందుకే చెప్తున్నా. మనోళ్ల కోసం ఎంతైనా అరువు, ఎదుటోళ్ల మీద మాత్రం అరవకు.

గోల్‌పోస్టు వెనక నిలబడి కీపర్‌ను సతాయించడం మీకొక సరదా, నాకు తెలుసు. బంతి చేతుల్లోంచి జారగానే నలుగురు ఒక్కసారి ఈల వేస్తారు, వాడి ఒడ్డూపొడుగూ చూసి ఒక పేరు పెడతారు. అప్పుడు నీ పక్కన ఎవరున్నారో ఒకసారి తల తిప్పి చూడు. భుజం మీద తువ్వాల, షర్టుకు అక్కడక్కడ అంటుకున్న నూలు పోగులు, రాత్రంతా నిద్రలేక ఎర్రబడ్డ కళ్లు, నోటివెంట ఒక్క మాట లేదు. సాంచాల మీద రాత్రి డ్యూటీ దిగి, ఇంటికి పోయి పడుకోకుండా కొడుకు ఆట చూద్దామని వచ్చిన తండ్రి ఆయన. ఆయన నిన్నేమీ అనడు. అనకపోతే విననట్టు కాదు బిడ్డా. చిన్న ఊరి గ్రౌండులో కీపర్ వెనక నిలబడే వాళ్లలో సగం మంది కీపర్ మనుషులే ఉంటారు.

కాళ్లు విరగ్గొట్టు అనే మాటొకటి నేర్చుకున్నారు మీరు. ఎక్కడ నేర్చారో గాని, అది ఆటలో మాట కాదు. ఆ పిల్లగాడి కాలు నిజంగా విరిగితే వాళ్లింట్లో ఎరువు బస్తా ఎవరు మోస్తారు, పొలానికి నీళ్లు ఎవరు పెడతారు? ఆ మాట అన్న నువ్వు పోతావా? ఇక కులం పేరో, తండా పేరో, తల్లి పేరో ఎత్తి అరిచావని నా చెవిన పడిందంటే ఈ గద్దె మీద నీకు జాగా లేదు. అంతే.

ఇంకో సంగతి. ఆ ఎదుటి జట్టోళ్లు ఎక్కడివాళ్లో కాదు. మన కోనరావుపేట నుంచి బియ్యానికీ బట్టకూ, దవాఖానకూ కోర్టుకూ మనం పోయేది వేములవాడకో సిరిసిల్లకో గదా? కోడె మొక్కు కట్టేది రాజన్న గుడిలోనే గదా? నీ చిన్నమ్మను ఇచ్చింది కోరుట్ల దిక్కు, మీ వదినను తెచ్చుకుంది జగిత్యాల దిక్కు. ఈ రోజు నువ్వు తిట్టిన స్ట్రైకర్ రేపు మీ ఇంట్లో పెళ్లికి ఆడపిల్ల తరఫున వచ్చి బంతిలో నీ ఎదురుగా కూర్చుంటాడు. అప్పుడు ముద్ద దిగుతుందా నీకు? ఆట గంటన్నర, సుట్టరికం తాతలనాటిది. పరాయి గ్రౌండుకు పోవడమంటే ఎవరింటికో సుట్టపోడిగా పోయినట్టే. గడపలో చెప్పు ఎట్లా విడుస్తామో నోరూ అట్లనే జర విడిచి పోవాలి.

రెఫరీ సంగతి. చిన్న టోర్నమెంటు అంటే రెఫరీ ఏదో బడిలో పీఈటీ సారే అయి ఉంటాడు, గీత పక్కన జెండా పట్టుకునేది ఆ ఊరి పిల్లగాడే. సగం సార్లు తప్పవుతుంది, కాదనను. కానీ ఆఫ్‌సైడ్ అనగానే నువ్వు లేచి తిట్టేస్తావే, నీకు నిజంగా కనబడిందా? బంతి అందుకున్నప్పుడు మనోడు ఎక్కడున్నాడన్నది లెక్క కాదు. వెనకనుంచి పాస్ ఇచ్చిన ఘడియలో ఎక్కడున్నాడన్నది లెక్క. ఆ ఘడియలో నువ్వు బంతిని చూస్తున్నావు, జెండా పిల్లగాడు వరసను చూస్తున్నాడు. గోల్ వెనక నిలబడ్డోడికి ఆ వరస అసలే తెలియదు. అడగాలనిపిస్తే మీ కెప్టెన్‌ను అడగమను. నువ్వు గ్రౌండులో కాలు పెట్టకు.

పరాయి మైదానం ఎట్లా ఉంటుందో మన హైదరాబాదు వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు. సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ పేరు విన్నావు గదా, సినిమా కూడా వచ్చింది ఆయన మీద. బడిలో పాఠాలు చెప్పిన మనిషి. ఆయన తయారు చేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ టీం బొంబాయి పోయి రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు పట్టుకొచ్చింది. అదంతా ఒక ఎత్తు, 1962లో జకార్తా ఒక ఎత్తు. ఏషియన్ గేమ్స్‌కు ఇజ్రాయెల్, తైవాన్ వాళ్లను ఇండోనేషియా రానీయలేదని మన దేశపు పెద్దమనిషి గురుదత్ సోంధీ అభ్యంతరం చెప్పాడు. అన్నది ఆయన, ఆ కోపం వచ్చి పడింది మన ఆటగాళ్ల మీద. సెప్టెంబర్ 4న దక్షిణ కొరియాతో ఫుట్‌బాల్ ఫైనల్. స్టేడియంలో దగ్గరదగ్గర లక్ష మంది. మన జాతీయగీతం వస్తుంటే కూడా గేలి చేశారు. మన దేశపు జట్టుకు కోచ్ రహీం సాబే, అప్పటికే జబ్బు మనిషి, మరుసటి ఏడు పోయాడు. తలకు కుట్లు పడ్డ జర్నైల్ సింగ్‌ను ఆయన ముందు వరసలో ఆడించాడు, వాడు ఆ తలతోనే గోల్ కొట్టాడు. 2–1తో మనకు బంగారు పతకం.

అది అందరూ చెప్పుకునేదే. నేను చెప్పేది స్టాండ్‌లో కూర్చున్న వాళ్ల గురించి. ఆ లక్షమందిలో మనకోసం అరిచింది ఎవరో తెలుసా? పాకిస్తాన్ హాకీ జట్టు. అదే ఆటల్లో హాకీ ఫైనల్లో మనల్ని ఓడించిన వాళ్లే. రెండు దేశాల మధ్య ఎంత లొల్లి ఉన్నా, పరాయి ఊళ్లో ఒంటరైన పిల్లల పక్కన కూర్చుని చప్పట్లు కొట్టారు. నీకు కోరుట్లతో అంతకంటే పెద్ద పంచాదేముంది?

అరిచేటప్పుడు ఎక్కడిదాకా అన్నది మరిచిపోతే ఏమవుతుందో కలకత్తాను అడగాలి. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మ్యాచ్. గ్రౌండులో ఆటగాళ్లు తోసుకున్నారు, అది చూసి స్టాండ్‌లో జనం కొట్టుకున్నారు, పరుగులు పెట్టారు, తొక్కిసలాటలో 16 మంది పోయారు. అందరూ ఒకే ఊరి పిల్లలు. ఇప్పటికీ ఆ రోజు అక్కడ వాళ్ల పేరు మీద రక్తదానం చేస్తారు. మన గ్రౌండులో అంత జనం ఎక్కడిది అంటావు. నిజమే. కానీ మొదలు ఎక్కడైనా ఒక్కటే, ముందు ఒక మాట, తర్వాత ఒక తోపు.

ఆడపిల్లల మ్యాచ్ అయితే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. నిజామాబాద్ జిల్లా కిసాన్‌నగర్ తండా నుంచి పోయిన గుగులోత్ సౌమ్య దేశం జట్టుకు ఆడింది, క్రొయేషియా పోయి డైనమో జాగ్రెబ్ క్లబ్బులో కూడా ఆడింది. అట్లాంటి పిల్ల మొదట ఆడింది ఏ మట్టి గ్రౌండులోనో అయి ఉంటుంది గదా. నిక్కరు మీద, నడక మీద ఒక మాట విసిరావనుకో, ఆ పిల్ల తట్టుకుంటుందేమో గాని, వాళ్ల నాయన రేపటి నుంచి పంపడు. మన నోటి వల్ల ఒక పిల్ల ఆట ఆగిపోవాలా? సెల్ తీసి వీడియోలు తీసే పని అసలే వద్దు. ఈ ఒక్క విషయంలో నేను బతిమాలడం లేదు, గట్టిగానే చెప్తున్నా.

దారి గురించి చెప్పకుండా పంపలేను. 2022 మార్చి 20న గోవాలో ఐఎస్ఎల్ ఫైనల్, మన హైదరాబాద్‌కూ కేరళ బ్లాస్టర్స్‌కూ. 88వ నిమిషం దాకా మనోళ్లు ఒక గోల్ వెనకే ఉన్నారు. సాహిల్ తవోరా కొట్టి సమం చేశాడు. పెనాల్టీల్లో కట్టిమణి మూడు ఆపాడు, కప్పు మనకొచ్చింది. నువ్వు ఆ రాత్రి బైకు హారన్లు కొట్టుకుంటూ తిరిగావు. అదే రోజు మలప్పురం నుంచి ఆ మ్యాచ్ చూద్దామని బైకు మీద బయలుదేరిన ఇద్దరు పిల్లలు కాసరగోడ్ దగ్గర రోడ్డు మీదే పోయారు. పసుపు జెర్సీల వాళ్లు, మన ఎదుటి జట్టు వాళ్లు. వాళ్లిండ్లలో ఆ రోజు స్కోరు ఎవరడిగారు?

కాబట్టి ముగ్గురు ఒక బండి మీద ఎక్కొద్దు. బస్సుంటే బస్సెక్కు, లేదంటే అందరూ కలిసి ఆటో మాట్లాడుకోండి. గెలిచిన ఊపులో బెల్టుషాపు దగ్గర ఆగే పని పెట్టుకోకండి. ఓడినా అంతే. ఓడిన రోజు తాగినోడికి రెఫరీ మొఖం ఇంకా గట్టిగా గుర్తొస్తుంది. సెల్‌లో స్టేటస్ కూడా ఆ రాత్రి పెట్టకు, పొద్దున లేచి చూసుకున్నాక అప్పుడు పెట్టుకో. పొద్దునకు పెట్టబుద్ధి కాదులే.

కొట్లాటలో పేరు పడితే ఏమవుతుందిలే అనుకుంటారు మీరు. మన దిక్కు ఇంటికొకరు దుబాయో మస్కటో పోయినవాళ్లే. నీకూ ఆ ఆలోచన ఉందని మీ అమ్మ చెప్పింది. పాస్‌పోర్టుకు పోలీసు వెరిఫికేషన్ ఉంటుంది, కానిస్టేబుల్ ఉద్యోగానికి పోతే కేసుల వివరం రాయాలి. స్టేషన్‌లో నీ పేరు మీద ఒక కాగితం ఉందంటే అదెందుకు వచ్చిందని ఎవరూ ఓపిగ్గా వినరు. కార్నర్ కిక్ దగ్గర మాట మీద మాట పెరిగిందని అప్పుడు ఎవరికి చెప్పుకుంటావు? నాయన మాత్రం పని విడిచి స్టేషన్ చుట్టూ తిరగాలి.

జపాన్ వాళ్ల సంగతి టీవీలో చూసే ఉంటావు. 1998లో మొదటిసారి ప్రపంచకప్‌కు ఫ్రాన్స్ పోయారు, మూడు మ్యాచ్‌లూ ఓడారు. ఓడి కూడా వాళ్ల జనం స్టాండ్‌లో చెత్త ఏరి సంచుల్లో నింపి మరీ బయటకొచ్చారు. 2022లో ఖతర్‌లో జర్మనీని గెలిచిన రోజూ అదే పని చేశారు. నువ్వు గ్రౌండంతా ఊడవాలని నేననను, అంత ఆశ నాకు లేదు. మీరు తాగిన నీళ్ల ప్యాకెట్లు, తిన్న పల్లీల పొట్టు, కాల్చిన పటాకుల కాగితం, మీరు తెచ్చిందైనా మీరు ఎత్తండి. తెల్లారి ఆ గ్రౌండులోనే పిల్లలు ప్రార్థనకు నిలబడతారు.

ఆట అయ్యాక ఆ ఊరోళ్లు చాయ్ తాగిపొమ్మంటే వద్దనకు. ఓడి ఉన్నా సరే తాగు. కీపర్ పిల్లగాడు కనబడితే బాగా ఆపావు తమ్మీ అను. ఆపకపోయినా అను.

దసరా సెలవుల్లో వాళ్ల జట్టును మన ఊరికి పిలుస్తామని మీ సోపతిగాళ్లు అంటున్నారట, విన్నాను. పిలవండి. బడి గ్రౌండులో ఆ మూల తుమ్మకంప ఇప్పటినుంచే కొట్టెయ్యాలి, పోస్టుకు వల లేదు, అది చూసుకోండి. సారుతో మాట్లాడి గ్రౌండు తాళం సంగతి, నీళ్ల క్యాన్ల సంగతి నేను చూస్తాను. వచ్చిన వాళ్లు నిలబడేందుకు వేపచెట్టు కింద నీడ దిక్కు విడిచిపెట్టండి, మనం ఎండకు ఉందాం.