చెయ్యి వెయ్యకండి

ఈసారి పత్రికకి దయ గురించి రాయమన్నారు మా తెలుగు మాస్టారు. అందరూ కుక్కపిల్లల గురించి రాస్తారని నాకు తెలుసు. నాకు మాత్రం దయ అనగానే ఒక చేప గుర్తొచ్చింది.

మాది గోపాల్‌పూర్. ఇక్కడి ఒడియా వాళ్ళు మమ్మల్ని నోలియాలంటారు. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, సముద్రం మీద మళ్ళీ తెలుగే. మాకు ఇంజను పెట్టిన చిన్న ఫైబర్ బోటు ఉంది, దాని మీద అప్పు కూడా ఉంది. పోయిన దసరా సెలవుల్లో ఒకాయన వచ్చి ఒక్క రోజుకి బోటు అద్దెకి అడిగారు. రాడ్డుతో, రీలుతో పెద్ద చేపల్ని పట్టడం ఆయనకి సరదా. ఇస్తానన్న డబ్బు మా వారం వేట కంటే ఎక్కువ. నాన్న సరేనన్నాడు. చిన్నాన్నా నేనూ కూడా ఎక్కాం.

దారిలో ఆయన చాలా చెప్పారు, తర్వాత నేనూ చదివాను. 1898లో కాలిఫోర్నియా దగ్గర కాటలీనా దీవిలో చార్లెస్ హోల్డర్ అనే ఆయన 183 పౌన్ల ట్యూనాని రాడ్డుతో పట్టి, అదే ఏడాది ట్యూనా క్లబ్ పెట్టాడు. 1953లో పెరూ దేశం దగ్గర ఆల్ఫ్రెడ్ గ్లాసెల్ పట్టిన నల్ల మార్లిన్, అంటే మన కొమ్ముకోనాం, 1,560 పౌన్లు తూగింది. 707 కిలోలు! ఆ రికార్డు ఇంకా అలాగే ఉంది. ఈ ఆటకి ఒక నియమం ఉంది. చేపతో ఒక్కడే పోరాడాలి. మధ్యలో ఇంకొకరి చెయ్యి రాడ్డుకో తాడుకో తగిలితే ఆ చేప రికార్డుకి పనికిరాదు.

పదిన్నరకి నెమలి కోనాం పడింది. వీపు మీది రెక్క నిజంగానే నెమలి పింఛంలా విప్పి నీళ్ళలోంచి ఎగిరింది. చిన్నాన్న అలవాటు కొద్దీ తాడు మీదికి చెయ్యి చాపాడు.

“చెయ్యి వెయ్యకండి!” అని అరిచారు ఆయన.

నాకు వింతగా అనిపించింది. మా బోటులో పెద్ద చేప పడితే చెయ్యి వెయ్యనివాడినే తిడతారు. 2025 జూలైలో అనకాపల్లి జిల్లా పూడిమడక దగ్గర కొమ్ముకోనాం ఒక మనిషిని తాడుతో సహా సముద్రంలోకి లాగేసింది. ఆ మాట మా ఒడ్డు దాకా వచ్చింది. అప్పటినుంచి తాత మరీ భయపెడతాడు, ఒక్కడూ తాడు పట్టుకోవద్దని. హెమింగ్వే నవలలో ముసలాయన కూడా ఒంటరిగా చేపతో పోరాడుతూ, ఆ కుర్రాడు పక్కనుంటే బాగుండునని పదే పదే అనుకుంటాడు కదా.

యాభై నిమిషాలు పట్టింది. మేం ముగ్గురం చేతులు కట్టుకుని కూర్చున్నాం. మొదట నీలంగా మెరిసిన చేప చివరికి మాసిన గుడ్డలా అయిపోయింది. ఆయన ఫోటో దిగి, గాలం తీసి, దాని ముక్కు పట్టుకుని బోటు మెల్లగా నడపమన్నారు. మొప్పల్లోకి నీళ్ళు వెళ్తే తేరుకుంటుందట. కొంచెంసేపటికి అది లోపలికి దిగిపోయింది. ఆయన నావైపు తిరిగి నవ్వుతూ అన్నారు: “చూశావా, నేను చంపలేదు. మీరైతే చంపేసేవారు.”

ఆయన చెడ్డ మనిషి కాదు. వెటకారంగా కూడా అనలేదు. అందుకే నాకు జవాబు రాలేదు. నాన్న మాత్రం వెనక్కి తిరిగి నీళ్ళవైపు చూస్తూనే ఉన్నాడు. అలా వదిలినవాటిలో కొన్ని తర్వాత చచ్చిపోతాయి. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

మూడు రాత్రులు ఆలోచించాను. ఆయన మాట నిజమే, మేం చంపుతాం. మాకు ఆకలి, ఆయనకి సరదా అని చెప్పేస్తే తేలిగ్గా గెలిచేయొచ్చు. కానీ ఆకలి అన్న మాట వెనక మేం కూడా చాలా దాచుకుంటాం. మాకు దగ్గర్లోనే రుషికుల్య నది ముఖద్వారం, తాబేళ్ళు గుడ్లు పెట్టే చోటు. నవంబరు 1 నుంచి మే 31 దాకా అక్కడ 20 కిలోమీటర్ల లోపు ఇంజను బోట్లు వేటాడకూడదు. ఆ నిషేధం వచ్చినప్పుడల్లా మా ఒడ్డు మీద అందరూ గొణుగుతారు. ఒకసారి మా వలలో తాబేలు చచ్చి వచ్చింది. దాన్ని ఎవరూ తినలేదు, ఎవరి ఆకలీ తీరలేదు. నాన్న మాట్లాడకుండా నీళ్ళలోకి తోసేశాడు.

అయినా ఒక తేడా నాకు కనబడుతోంది. ఆ చేప రెండు నిమిషాల్లో చేతికొచ్చి ఉంటే మేం సంతోషించేవాళ్ళం, ఆయన నిరాశపడేవారు. ఆయన డబ్బిచ్చింది చేపకి కాదు, అది గింజుకున్న ఆ యాభై నిమిషాలకి. చివర్లో వదిలెయ్యడం దయే, నేను కాదనను. కానీ ఆ దయ చూపించడానికి ముందు దాన్ని అంత దూరం తెచ్చింది ఎవరు?

ఇంకోటి కూడా రాయాలి, లేకపోతే అబద్ధమవుతుంది. ఆ యాభై నిమిషాల్ని అమ్మింది మేమే. ఆ డబ్బులోనే నా పదో తరగతి గైడ్లు వచ్చాయి, బరంపురం బస్సు పాసూ వచ్చింది.

పోయిన వారం ఆయన మళ్ళీ ఫోన్ చేశారు. నాన్న కొంచెంసేపు విని, “రండి సార్. కానీ చేప పడితే మేమూ చెయ్యి వేస్తాం. చేప ఇంటికొస్తుంది,” అన్నాడు. ఆలోచించి చెప్తానన్నారట ఆయన. అమ్మ మాత్రం నాన్న మీద ఇంకా కోపంగానే ఉంది, బోటు వాయిదా పదో తారీకుకి కట్టాలి.