కంటి కొలత

నాయనా, బెంగళూరులో ఉద్యోగానికి చేరినప్పటినుంచి నీకు ఘడియకోసారి ఆకలేస్తోందని మీ అమ్మ దిగులు పడుతోంది. అది రోగమని నేననుకోను. నువ్విప్పుడు తినే తిండిని నీ కన్ను సరిగ్గా కొలవలేకపోతోంది.

ఎంత తింటే చాలో మనిషి తినకముందే అంచనా కడతాడు. కంచంలో ఎంత ఎత్తు కనిపిస్తోంది, చిక్కగా ఉందా పలచగా ఉందా, ఎంతసేపు నమలాలి, మునుపు తిన్నప్పుడు ఎందాకా ఆగింది, ఇవన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. ఇంగ్లండులోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో జెఫ్ బ్రన్‌స్ట్రమ్ బృందం చేసిన పరీక్ష ఒకటి 2011లో అచ్చయింది. అందరికీ ఇచ్చిన పళ్ల పానీయం ఒకటే. కాకపోతే ముందుగా కొందరికి కాసిని పళ్లు, కొందరికి బోలెడు పళ్లు చూపించి, ఇవే అందులో వేశామన్నారు. ఎక్కువ పళ్లు చూసినవాళ్లకు మూడు గంటల తర్వాత కూడా కడుపు మిగతావాళ్లకన్నా నిండుగా అనిపించింది.

మన శింగనమల పక్క కడుపు నిండుగా ఉంచుతుందన్న అలాంటి నమ్మకం సంగటి మీద ఉంది. రాగి ముద్ద బరువు చేతికే తెలుస్తుంది. అదే పిండిని అంబలి కాస్తే దప్పిక తీరుతుందనుకుంటాం గానీ మధ్యాహ్నం దాకా ఆగుతుందనుకోం. బొరుగులతో చేసే ఉగ్గాణి దగ్గర కన్ను మోసపోతుంది. బొరుగుల్లో చాలావరకు గాలే. గంపెడు బొరుగులు తడిపి పిండితే ఎంతకు దిగుతాయో మీ అవ్వ పక్కన నిలబడి చూడు. ఆ ఉగ్గాణికి బలం పైన చల్లే పప్పుల పొడి. శెనక్కాయ విత్తనాలది ఇంకో తీరు. చూడ్డానికి గుప్పెడే, బరువులో సగానికి దగ్గరగా నూనె, నాలుగో వంతు మాంసకృత్తులు. అయినా కన్ను వాటిని చిరుతిండి కిందే జమ వేస్తుంది.

నువ్వు ఆఫీసులో తినే కరకరల ప్యాకెట్లు నోట్లో పెట్టగానే కరిగిపోతాయి. కూల్‌డ్రింకులో చక్కెర ఎంతున్నా నీళ్లు తాగినట్టే గొంతు దిగుతుంది. ఎంత పోయిందో కడుపుకు తెలిసేలోపు ఇంకోటి విప్పుతావు.

ఇంకో మాట. మన సంగటి ముద్ద కొలత పొద్దంతా ఎండలో గొర్రు తోలినవాళ్ల ఆకలిని బట్టి ఏర్పడింది. నీది కుర్చీలో కూర్చునే పని. ఊరికొచ్చినప్పుడు మీ నాయన తినేంత ముద్ద పెట్టించుకోవద్దు, సగం చాలు. ఆకుకూర పప్పు మాత్రం ఎక్కువ వేసుకో.

పప్పుల పొడి, వేయించిన విత్తనాలు మీ అవ్వ డబ్బాలకు పోసి పెట్టింది. ఆఫీసుకు అవి తీసుకుపో, నిదానంగా నమిలి తిను నాయనా.