పొయ్యి ధర్మం

గృహస్థు ఇంట్లో జీవహింస జరిగే చోట్లు ఐదని మనుస్మృతి మూడో అధ్యాయం చెబుతుంది. పొయ్యి, తిరగలి, చీపురు, రోలు, నీళ్ల కుండ. ఈ వరుసలో మొదటిది పొయ్యి. వండకపోతే ఇల్లు గడవదు, వండితే ఏదో ఒక ప్రాణికి హాని తప్పదు. ఆ దోషం పోవడానికి చూపిన దారి పంచమహాయజ్ఞాలు: వేదాధ్యాపనం, పితృతర్పణం, హోమం, భూతబలి, అతిథిపూజ. శక్తి మేరకు వీటిని మానకుండా చేసే గృహస్థుకు దోషం అంటదని అదే అధ్యాయం హామీ ఇస్తుంది. పొయ్యిలో పడి మాడే పురుగు గురించి ఇంతగా ఆలోచించిన ధర్మం, ఆ పొయ్యి ముందు కూర్చుని పొగ మింగే మనిషి విషయంలో గృహస్థును ఏమి కోరుతుందన్నది ఇక్కడ ప్రశ్న.

కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల్లో ఇది నిత్యజీవితపు ప్రశ్న. గ్యాస్ సిలిండర్ వచ్చిన ఇళ్లలోనూ కట్టెల పొయ్యి పూర్తిగా పోలేదు. స్నానాల నీళ్లు కాగడానికి, జొన్నరొట్టెలకు, నలుగురికి వండాల్సిన రోజుకు అదే దిక్కు. పత్తి కట్టె, కంది కట్టె, మక్క బెండ్లు, పిడకలు చేనుకాడ, ఇంటికాడ దొరుకుతాయి. నిప్పుకు ఇక్కడ గౌరవం కూడా ఎక్కువే. ఎర్రమట్టితో పొయ్యి అలికి, ముగ్గు వేసి, పసుపు కుంకుమ పెట్టాకే పండుగ వంట మొదలవుతుంది. గృహప్రవేశం నాడు కొత్త పొయ్యి మీద పాలు పొంగిస్తారు. పోచమ్మ బోనం ఆ ఇంటి నిప్పు మీదే ఉడుకుతుంది. పెళ్లి వంటకు తవ్విన గాడిపొయ్యికి కొబ్బరికాయ కొట్టి అగ్గి పెడతారు. గాంధారి, లింగంపేట వైపు ఉన్న లంబాడా తండాల్లో సేవాలాల్ జయంతికి భోగ్ భండార్ చేసి, నిప్పులో నెయ్యి, తీపి నైవేద్యం సమర్పిస్తారు.

ఇంత పూజ అందుకునే నిప్పు కీడు చేయదన్న నమ్మకం ఒకటి, చేసినా ఓర్చుకోవాలన్న నమ్మకం మరొకటి ఈ గౌరవం వెంట వస్తాయి. రెండో మాటకు ఆధారంగా భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయాన్ని చూపడం ఉంది. నిప్పును పొగ కమ్మినట్టే ప్రతి కర్మనూ ఏదో ఒక దోషం కమ్మి ఉంటుంది కాబట్టి, దోషం ఉన్నా తన సహజ కర్మను విడవకూడదని అక్కడ కృష్ణుడు అంటాడు. పని మానవద్దన్నదే ఆ బోధ. తగ్గించగల దోషాన్ని అలాగే ఉంచమని అందులో లేదు. తప్పని హాని వేరు, తప్పించగలిగీ తప్పించని హాని వేరు. మొదటిదానికి ప్రాయశ్చిత్తం ఉంది. రెండోది నిర్లక్ష్యం, దానికి పూజ చెల్లుబాటు కాదు.

నిప్పును గౌరవించడం అంటే దానితో జాగ్రత్తగా మెలగడమేనని పాత నియమాలే చెబుతున్నాయి. నిప్పును నోటితో ఊదకూడదు, దాటకూడదు, మంచం కింద పెట్టకూడదు అని మనుస్మృతి నాలుగో అధ్యాయం నిషేధిస్తుంది. ఎంగిలి తగలకూడదన్న భావంతో పాటు ముఖం, బట్ట, పడక కాలకుండా చూసే తెలివి కూడా అందులో ఉంది. బాలింత మంచం కింద కుంపటి పెట్టి తలుపులు మూసే అలవాటుకు ఈ మూడో నిషేధం నేరుగా వర్తిస్తుంది. సగం కాలిన బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. మూసిన గదిలో అది నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఇతర మతాల మాటా ఇదే. మదీనాలో రాత్రిపూట ఒక ఇల్లు కాలిపోయిన సంగతి విని, పడుకునే ముందు నిప్పు ఆర్పమని ప్రవక్త చెప్పినట్టు బుఖారీ హదీసు సంకలనంలో ఉంది. కొత్త ఇల్లు కట్టేవాడు ఎవరూ జారిపడకుండా మిద్దెకు పిట్టగోడ కట్టాలని బైబిల్ ద్వితీయోపదేశకాండం ఆజ్ఞాపిస్తుంది. ప్రమాదం జరిగాక ఏడవడం కంటే ముందే అడ్డు కట్టడం భక్తిలో భాగమని ఈ సంప్రదాయాలన్నీ ఒప్పుకుంటున్నాయి.

పొగ హాని కంటికి కనిపించే మసితో ఆగదు. ఇళ్లలోని వంట పొగ వల్ల 2020లో ప్రపంచంలో సుమారు 32 లక్షల మంది చనిపోయారని, వారిలో 2.37 లక్షల మందికి పైగా ఐదేళ్లలోపు పిల్లలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పిల్లల్లో న్యుమోనియా, పెద్దల్లో గుండెజబ్బు, పక్షవాతం, ఊపిరితిత్తుల జబ్బులు దీని ఫలితాలు. వండేది ఎక్కువగా ఆడవాళ్లు, వాళ్ల చంకలో పసివాళ్లు. ఇంటిల్లిపాదీ తినే అన్నానికి వీళ్లే తమ ఆరోగ్యంతో వెల కడుతున్నారు.

దీనికి విరుగుడు వెతికిన తొలి ప్రయత్నాల్లో ఒకటి హైదరాబాద్‌లోనే జరిగింది. హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనాలయానికి చెందిన ఎస్.పి. రాజు పొగరాని మట్టి పొయ్యిని రూపొందించి, 1953లో దాని మీద ఇంగ్లీషులో పుస్తకం ప్రచురించారు. ఒకచోట పెట్టిన మంట వేడి లోపలి దారి గుండా వరసగా ఉన్న గిన్నెల కిందికి పోయి, మిగిలిన పొగ గొట్టం గుండా బయటికి వెళ్లడం దాని పద్ధతి. 1980లలో మొదలై 2002లో ముగిసిన మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం ఇలాంటి పొయ్యిలనే ఊరూరా పెట్టించింది. పగుళ్లు పూడ్చేవారు, గొట్టంలో మసి దులిపేవారు లేక వాటిలో చాలా పొయ్యిలు మూలపడ్డాయి. పొయ్యి పెట్టడం ఒకనాటి పని, కాపాడుకోవడం నిత్యకర్మ.

పొయ్యి పెట్టే చోటు అడిగితే ముందుగా వచ్చే మాట ఆగ్నేయ మూల. వాస్తులో అది అగ్నిదేవుడి దిక్కు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఇక్కడ గాలి పడమర, నైరుతి నుంచి వీస్తుంది కాబట్టి, ఆ మూల పొయ్యి పొగ, నిప్పురవ్వలు ఇంటి మీదికి రాకుండా అవతలికి పోతాయి. చలికాలంలో గాలి తూర్పు వైపు నుంచి మళ్లితే అదే పొగ ఇంట్లోకి తిరుగుతుంది. దిక్కు ఒక్కటే రక్ష కాదు. మూల ఏదైనా పొగకు దారి ఉండాలి.

పొగగొట్టం పైకొస పెంకుల కన్నా, దగ్గరి ఇంటికప్పు కన్నా కనీసం 60 సెంటీమీటర్లు ఎత్తుగా ఉండాలి. తల మీద వాననీరు పడకుండా టోపీ కావాలి. ఒంటిపొర రేకు గొట్టానికీ దూలం, వాసం, వెదురు లాంటివాటికీ మధ్య 45 సెంటీమీటర్ల ఎడం ఉంచాలని అమెరికా అగ్ని భద్రతా ప్రమాణాలు చెబుతాయి. గూనపెంకుల ఇంటికి, గడ్డి కప్పుకు ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. గొట్టం పొగను లాగాలంటే కిందినుంచి కొత్త గాలి రావాలి, కాబట్టి కిటికీ తెరిచే ఉండాలి. పొయ్యి ముందు నేల మట్టిదో బండదో కావాలి. కట్టెల మోపు, కిరోసిన్ సీసా, ఎండిన పిడకలు దానికి దూరంగా ఉండాలి. పచ్చికట్టె పెడితే పొగ పెరగడమే కాక గొట్టం లోపల తారులాంటి పొర పేరుకుంటుంది. ఒకనాడు దానికే అగ్గి అంటుకుంటుంది. పాకే పిల్లలున్న ఇంట్లో పొయ్యిని గద్దె మీద కట్టడం, లేదా చుట్టూ అడ్డు పెట్టడం తప్పనిసరి.

మార్పుకు అభ్యంతరాలూ ఉన్నాయి. పొగ పట్టిన దూలానికి పురుగు పట్టదని పెద్దలు అంటారు, అందులో నిజం ఉంది. కానీ దూలానికి వేరే మందు పూయవచ్చు, ఊపిరితిత్తికి వేరే దారి లేదు. తాతలనాటి పొయ్యిని కదిలిస్తే అరిష్టమన్న భయానికి సమాధానం ఆచారంలోనే ఉంది. మట్టి పొయ్యి పగిలితే పడగొట్టి, మంచిరోజు చూసి కొత్తది వేయడం ప్రతి ఇంటా జరిగేదే. కొత్త పొయ్యికి పసుపు కుంకుమ పెట్టే ముందు గొట్టం అమర్చినంత మాత్రాన ఏ ఆచారమూ చెడదు.

ఈ బాధ్యత ఎవరిదన్న విషయంలో శాస్త్రం స్పష్టంగా ఉంది. పొయ్యి వల్ల కలిగే దోషాన్ని మనుస్మృతి అంటగట్టింది గృహస్థుకే. కాబట్టి పొగగొట్టానికి డబ్బు తీయడం, వాసానికి ఎడం కొలవడం, ఏటా మసి దులిపించడం ఇంటి యజమాని చేయాల్సిన పనులు. వండే మనిషి ఓర్పును పుణ్యంగా పొగిడి ఊరుకోవడం ధర్మం కాదు. పంచయజ్ఞాల్లో అతిథికి అన్నం పెట్టడం ఒకటైతే, ఆ అన్నం వండే చేతులను, కళ్లను, ఊపిరిని కాపాడటం దానికి ముందు చేయాల్సిన కర్తవ్యం.