స్విచ్చు దగ్గర చికిత్స



ఇంట్లో బల్బు కనిపిస్తుంది. ఫ్యాను కనిపిస్తుంది. అవి ఎప్పుడు పనిచేయాలో, ఎప్పుడు ఆగాలో తేల్చేది గోడ మీది స్విచ్చు. మన డీఎన్ఏలోనూ అంతే. ప్రొటీన్లకు నేరుగా సూచనలిచ్చే భాగం నూటికి రెండు వంతులైనా ఉండదు. మిగతాదాన్ని చాలాకాలం ‘చెత్త’ అన్నారు. అందులో పనిలేనిది చాలానే ఉండవచ్చు. కానీ స్విచ్చులు ఎక్కువగా ఉన్నదీ అక్కడే.

సికిల్ సెల్ వ్యాధినే చూడండి. మన్యంలో, ఆదిలాబాద్ ప్రాంతంలో ఎన్నో గిరిజన కుటుంబాలకు తెలిసిన బాధ ఇది. హిమోగ్లోబిన్‌లోని లోపం వల్ల ఎర్ర రక్తకణం కొడవలిలా వంగుతుంది. సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. ఆ నొప్పి భరించలేనిది.

తల్లి కడుపులో మాత్రం బిడ్డకు ఈ బాధ లేదు. అప్పటి హిమోగ్లోబిన్ వేరు. పుట్టిన కొన్ని నెలలకు దాని తయారీ దాదాపు ఆగిపోతుంది. ఆపేది బీసీఎల్11ఏ అనే జన్యువు. ఎర్ర రక్తకణాలు తయారయ్యేచోట ఆ జన్యువును నడిపించే స్విచ్చు ఎక్కడుంది? ప్రొటీన్‌కు సూచన ఇవ్వని భాగంలోనే!

శాస్త్రవేత్తలు రోగి మూలకణాలను బయటకు తీశారు. సరిగ్గా ఆ స్విచ్చునే కత్తిరించారు. కణాలను తిరిగి ఎక్కించారు. కడుపులోనాటి హిమోగ్లోబిన్ మళ్లీ తయారవడం మొదలైంది. ఎంత గొప్ప సంగతి! 2023లో బ్రిటన్ ఈ చికిత్సకు మొదటగా అనుమతినిచ్చింది.

ఖర్చు మాత్రం కోట్లలో ఉంది. గిరిజన పిల్లలకు అది అందేదెలా? సికిల్ సెల్‌కు చవకైన జన్యు చికిత్స కోసం ఢిల్లీలోని ఐజీఐబీ అనే పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కృషి చేస్తున్నారు.